క్యాలెండర్‌లో అచ్చుకాని డిసెంబర్

(2025 డిసెంబర్ 14, ఆదివారం సాయంత్రం అమలాపురంలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పిలిచిన మిత్రులు ఇచ్చిన విషయం ‘డిసెంబర్ నెల – విశేషాలు’. ఫోన్‌లో వినగానే నవ్వొచ్చింది. పొద్దున్నే రేడియోలో చెప్పే ‘చరిత్రలో ఈ రోజు’ లాగా ఉందే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, తెలుగువాళ్ల రాష్ట్రాల గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి నెల దొరకదనిపించింది. మొన్న మంగళవారం డిసెంబర్ 9. రేపు డిసెంబర్ 15. ఈ రెండు తేదీల మధ్య అమలాపురంలో మైకు పట్టుకోవడం నాలాంటి వాడికి అంత తేలికేం కాదు.

నాలాంటి వాడంటే ఎవరో ముందే చెప్పేస్తాను. మాది రాజోలు వైపు. డిగ్రీ ఈ ఊళ్లోనే చదివాను. 2009లో పీజీకి హైదరాబాద్ వెళ్లాను. ఆ డిసెంబర్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో ‘జై తెలంగాణ’ అన్న గొంతుల్లో నాదీ ఒకటి. కోనసీమలో పుట్టి, వాళ్ల రాష్ట్రం వాళ్లకు ఇవ్వమని అడిగిన వాణ్ని. పదహారేళ్లయింది. మీలో కొందరికి ఇప్పటికీ మింగుడుపడదని తెలుసు. ఇందాక టీ తాగుతున్నప్పుడు ఒక పెద్దాయన మొహం మీదే అన్నారు కూడా. అలా మొహం మీద అనేవాళ్లంటే నాకు గౌరవమే.

ముందు ఒక క్యాలెండర్ సంగతి చెబుతాను.

మా ఇంట్లో క్యాలెండర్ ఎప్పుడూ డబ్బులిచ్చి కొన్నది కాదు. కొబ్బరికాయల వ్యాపారో, ఎరువుల కొట్టాయనో ఇచ్చేది. మా నాన్న దింపు కార్మికుడు. ఏ తోటలో ఏ రోజు ఎక్కాడు, ఎన్ని చెట్లు, ఎంత రావాలి, ఎంత చేతికొచ్చింది అన్నీ ఆ తేదీ గడిలోనే రాసుకునేవాడు. కింద మూల అమ్మ పాల లెక్క. గడిలో సగం పండుగ, సగం బాకీ. ఏడాది అయిపోయినా పాత క్యాలెండర్ పారేసేవాడు కాదు. గుండ్రంగా చుట్టి, పురికొస కట్టి, దూలం మీద పెట్టేవాడు. రేపెవరైనా ‘ఆ రోజు నువ్వు ఎక్కలేదు’ అంటే తీసి చూపించడానికి. అయిదో తరగతి వరకు చదివిన మనిషి. కాగితం మీద లేని మాట నిలబడదని ఆయనకు తెలిసినంతగా నాకు ఏ యూనివర్సిటీలోనూ ఎవరూ చెప్పలేదు.

ఆ చుట్టల్లో 1996ది లేదు. నవంబర్ 6 తుపానుకు ఇంటి కప్పుతో పాటు అదీ పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ డిసెంబర్ ఎలా గడిచిందో ఇక్కడున్న నడివయసు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. నాన్నకు ఎక్కడానికి చెట్లు లేవు. పడిపోయిన చెట్లను ముక్కలు చేసే పని దొరికింది. తాను ఎక్కిన చెట్లనే తాను నరికాడు. ఆ నెలంతా ఇంట్లో ఆయన మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మామూలు ఏడాదిలో అయితే కోనసీమ డిసెంబర్ సందడిగానే ఉంటుంది. సార్వా కోతలు, పనలు, కుప్పలు, నూర్పిళ్లు. ఇప్పుడు మిషన్లు వచ్చి ఆ సందడి తగ్గిందిగానీ రోడ్డు మీద ధాన్యం ఆరబోత మాత్రం తగ్గలేదు. వాయుగుండం అన్న మాట వింటే రైతుకు గుండె జారేదీ ఈ నెలలోనే. సుబ్రహ్మణ్య షష్ఠి ఒక ఏడు నవంబర్‌లో, ఒక ఏడు డిసెంబర్‌లో పడుతుంది. ఈసారి నవంబర్ 26నే అయిపోయింది. ఎల్లుండి 16 నుంచి ధనుర్మాసం. 30న ముక్కోటి. ఈ ఏడాదికి రెండు ముక్కోటిలు, జనవరి 10న ఒకటి వెళ్లింది కదా. మధ్యలో 25న క్రిస్మస్. మా పేటలో అసలు పండుగ అదే. కువైట్ నుంచి, మస్కట్ నుంచి సెలవు దొరికిన అక్కలు, వదినలు ఆ వారంలోనే దిగుతారు. సెలవు దొరకని వాళ్ల పిల్లలు వీధి చివర నిలబడి వచ్చే ప్రతి కారునూ చూస్తుంటారు. ఈ కారు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

ఇవన్నీ క్యాలెండర్‌లో అచ్చయిన డిసెంబర్. అచ్చుకాని డిసెంబర్ ఇంకొకటుంది.

వరి అక్టోబర్‌లో పొట్ట మీద ఉంటుంది, డిసెంబర్‌లో కోతకొస్తుంది. తెలుగువాళ్ల రాష్ట్ర గొడవలు కూడా ఈ సార్వా పంట లాగే నడిచాయి. పొట్టి శ్రీరాములు గారు దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబర్ 19న, ప్రాణం పోయింది డిసెంబర్ 15 రాత్రి. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది 1972 అక్టోబర్ 3న, కోస్తా భగ్గుమన్నది డిసెంబర్‌లో. పోలీసు ఉద్యోగాలకు హైదరాబాద్ ఫ్రీజోన్ అని సుప్రీంకోర్టు చెప్పింది 2009 అక్టోబర్‌లో, తెలంగాణ ప్రకటన వచ్చింది డిసెంబర్ 9 అర్ధరాత్రి. దీనికి గ్రహబలం కారణమని ఎవరైనా పంచాంగం తీస్తే నమ్మకండి. నవంబర్, డిసెంబర్‌లలో ఢిల్లీలో పార్లమెంటు శీతాకాల సమావేశాలు జరుగుతాయి. లేచి నిలబడి జవాబు చెప్పాల్సిన మంత్రి ఆ నెలలోనే దొరుకుతాడు. మిగతా పదినెలలు మనం ఎంత అరిచినా వినతిపత్రం తీసుకుని ఫొటో దిగుతారు.

1952కు ముందు సంగతి కొంచెం చెప్పాలి. 1948 డిసెంబర్ 10న ధార్ కమిషన్ నివేదిక ఇచ్చింది. భాషను బట్టి రాష్ట్రాలు వద్దంది. అదే నెల జైపూర్ కాంగ్రెస్‌లో నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యలతో జేవీపీ కమిటీ వేశారు. మరుసటి ఏడాది ఆ కమిటీ ఏమందో తెలుసా? మద్రాసు మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం సంగతి ఆలోచించవచ్చంది. ముడి అంతా నగరం దగ్గరే పడింది. శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకు కూర్చున్నారు. సాంబమూర్తి గారు మన గోదావరి మనిషే, కాకినాడ కాంగ్రెస్ నాయకుడు, మద్రాసు శాసనసభకు స్పీకర్‌గా చేసినవారు. 58 రోజులు. 58 రోజులూ ఢిల్లీకి తీరిక దొరకలేదు. ఆయన పోయాక రైళ్లు ఆగాయి, పోలీసు కాల్పుల్లో జనం చనిపోయారు, అప్పుడు తీరిక దొరికింది. నాలుగు రోజుల్లో, డిసెంబర్ 19న, నెహ్రూ ప్రకటన చేశారు. మద్రాసు నగరం లేకుండా, తగాదా లేని తెలుగు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం. 1953 అక్టోబర్ 1కల్లా కర్నూలులో గుడారాలు వేసుకుని పాలన మొదలైపోయింది. తొమ్మిదిన్నర నెలలు.

ఒక పక్కమాట. శ్రీరాములు గారు 1946లో ఇంకో దీక్ష చేశారు. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని. రాష్ట్రం కోసం చేసిన దీక్షకు ఊరూరా విగ్రహం ఉంది. ఆ గుడి ముందు చేసిన దీక్ష గురించి రేపు దండలు వేసేవాళ్లలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

సరే. ఆంధ్ర రాష్ట్రం వచ్చి మూడు నెలలు తిరగకుండానే, 1953 డిసెంబర్ 29న, ఫజల్ అలీ కమిషన్ వేశారు. తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచండి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కలపండి అని ఆ కమిషన్ రాసింది. ఆ మాట ఆగకుండానే 1956 నవంబర్ 1న కలిపేశారు. పెద్దమనుషుల ఒప్పందం కథ ఈ పత్రిక చదివేవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 1972. అమలాపురంలో మాట్లాడుతూ 1972ను దాటిపోతే అది మోసమే.

మా అమ్మ అన్నయ్య, మా పెద్ద మావయ్య, అప్పుడు ఇరవై రెండేళ్ల జూనియర్ గుమాస్తా. మా పేటలో మొదటి గవర్నమెంటు ఉద్యోగం. నవంబర్ 27న ఇందిరాగాంధీ అయిదు సూత్రాలు ప్రకటించారు. ముల్కీ కొన్నాళ్లు కొనసాగుతుందన్నారు. డిసెంబర్‌లో కోస్తా, సీమ ఎన్జీవోలు సమ్మెలోకి దిగారు. మావయ్యా దిగాడు. నెలలు జీతం లేదు. మా తాత దగ్గరున్న ఒకే ఒక్క గేదెను అమ్మి ఇల్లు నడిపారట. ఆ సమ్మెలో మావయ్య అరిచిన నినాదం ‘జై ఆంధ్ర’. అంటే ఏమిటి? మాకు హైదరాబాద్ వద్దు, తెలంగాణతో కలిసి ఉండలేం, మా రాష్ట్రం మాకు ఇచ్చేయండి అని. ఇదే వీధుల్లో అరిచారు. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు దిగిపోయారు, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. రాష్ట్రం మాత్రం రాలేదు. సెప్టెంబర్‌లో ఆరు సూత్రాలు వచ్చాయి. ఆ ఏడాది డిసెంబర్‌లోనే పార్లమెంటు రాజ్యాంగ సవరణను ఆమోదించింది. 371–డి దాన్నుంచి పుట్టిందే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, లోకల్, నాన్‌లోకల్, జోన్లు, ఇక్కడున్న ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లలో ఉన్నదంతా ఆ డిసెంబర్ పంటే. ఆ ఉత్తర్వుల్లోనే 14–ఎఫ్ అని ఒక చిన్న క్లాజు. హైదరాబాద్ పోలీసు ఉద్యోగాలకు లోకల్ లెక్క వర్తించదని. ముప్పై నాలుగేళ్లు ఎవరూ పట్టించుకోని ఆ ఒక్క క్లాజు 2009 అక్టోబర్‌లో కోర్టులో గెలిచింది. అప్పుడు మేం రోడ్డెక్కాం. చూశారా, మావయ్య సమ్మె ముగిసిన చోటే నా ఉద్యమం మొదలైంది. ఈ సంగతి నాకు తెలిసేటప్పటికి మావయ్య నాతో మాట్లాడటం మానేశాడు.

2009 నవంబర్ 29న కేసీఆర్ దీక్షకు బయల్దేరితే కరీంనగర్ దగ్గర అరెస్టు చేసి ఖమ్మం తీసుకెళ్లారు. క్యాంపస్‌లోకి పోలీసులు వచ్చారు. హాస్టల్ మెట్ల మీద లాఠీ దెబ్బ నాకూ తగిలింది. కొట్టేవాడు నన్ను ఏ జిల్లా అని అడగలేదు. డిసెంబర్ 3న శ్రీకాంతాచారి ఆసుపత్రిలో కన్నుమూశాడు. మా ఈడు వాడు. ఆ తర్వాత ఎంతోమంది పిల్లలు అలా వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు చెప్పి చప్పట్లు కొట్టించుకునే ఉపన్యాసాలు నేను చాలా విన్నాను, నావల్ల కాదు. ఒక రాష్ట్రం ఇవ్వడానికి ప్రభుత్వానికి ఇరవై ఏళ్ల పిల్లల శవాలు ఎందుకు కావాల్సి వచ్చిందన్నది తెలంగాణ వాళ్లకే కాదు, అందరికీ సిగ్గుపడాల్సిన ప్రశ్న. బతికి కొట్లాడాలని మేం గోడల మీద రాశాం. ఆలస్యంగా రాశాం.

డిసెంబర్ 9 రాత్రి పదకొండున్నర ప్రాంతంలో చిదంబరం టీవీలో కనిపించారు. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుంది అన్నారు. మెస్‌లో బెంచీలెక్కి ఎగిరాం. నేను బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను.

“నాన్నా, తెలంగాణ ఇచ్చేశారు.”

అవతల కాసేపు ఏమీ లేదు. తర్వాత అన్నాడు: “మరి నువ్వెప్పుడొస్తావురా?”

ఆయన లెక్క ఆయనది. వాళ్ల రాష్ట్రం వాళ్లకు వచ్చేసింది, ఇక మావాడు మా దగ్గరకు రావాలి. అంతే. పదహారేళ్లుగా తెలంగాణ గురించి ఎన్ని వ్యాసాలు రాశానో, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేకపోయాను. మీరు చూస్తున్నారుగా, ఇప్పటికీ హైదరాబాద్ నుంచి వచ్చిపోతూనే ఉన్నాను.

మర్నాటి నుంచి ఇక్కడ బంద్‌లు, రాజీనామాలు, రిలే దీక్షలు. క్రిస్మస్‌కు ఇంటికి బయల్దేరాను. రాజమండ్రి దాకా రైలు, అక్కడి నుంచి ఎవరి బండో పట్టుకుని రావులపాలెం. అది 23వ తేదీ. టీ కొట్టు దగ్గర టపాసులు కాలుస్తున్నారు. చిదంబరమే మళ్లీ మాట్లాడారట, విస్తృతంగా సంప్రదింపులు జరపాలన్నారట. పద్నాలుగు రోజుల్లో మాట తిరిగిపోయింది. మెస్‌లో మేం ఎగిరినట్టే అక్కడ వాళ్లు ఎగురుతున్నారు. నేను బ్యాగు ఒళ్లో పెట్టుకుని టీ తాగాను. కొత్తపేట మీదుగా ఇల్లు చేరేసరికి చీకటి పడింది. అరుగు మీద మావయ్య.

“తిన్నింటికి ద్రోహం చేశావురా” అన్నాడు.

“మావయ్యా, 1972లో నువ్వు అడిగింది కూడా ఇదే కదా?” అన్నాను. ఇరవై ఒక్కేళ్ల వాడి పొగరు.

ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. “అప్పుడు మా ఉద్యోగాలు పోతున్నాయని విడదీయమన్నాం. ఇప్పుడు మా పిల్లల ఉద్యోగాలు పోతాయని వద్దంటున్నాం. రెండూ ఒకటేరా.”

తర్వాత రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

ఆ మాటలో నిజం లేదని నేను అనను. గేదెను అమ్ముకుని సమ్మె చేసిన మనిషికి ఆ మాట అనే హక్కుంది. కానీ మా పేటలో ఇంకో యాభై గడపలున్నాయి. వాళ్లకు హైదరాబాద్‌లో ఏ ఉద్యోగం ఉంది పోవడానికి? ఏ ప్లాటు ఉంది? ఇందాక చెప్పిన ఆ కారు గుర్తుందా? మా పేటకు హైదరాబాద్ అంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టు. అక్కడి నుంచి కువైట్. అరబ్బుల ఇళ్లలో ఖద్దామా పని చేసి అక్కలు పంపిన డబ్బుతోనే పెంకుటిళ్లు లేచాయి, పిల్లలు బీటెక్‌లు చదివారు. సమైక్యాంధ్ర అని బంద్ చేసినప్పుడు ఈ అక్కల సంగతి ఏ నాయకుడూ ఎత్తలేదు. ఆంధ్రోళ్లు దోచుకున్నారని మేం అరిచినప్పుడు మాకూ వీళ్లు గుర్తుకు రాలేదు. ఈ రెండో మాట నేను హైదరాబాద్‌లో కూడా చెప్పాను, అక్కడా కొందరికి నచ్చలేదు.

1953లో తొమ్మిదిన్నర నెలల్లో అయిన పని, 2009 తర్వాత నాలుగున్నరేళ్లు పట్టింది. ఎందుకు? మద్రాసును వదులుకున్నారు కాబట్టి అప్పుడు అయింది. ఈసారి నగరాన్ని వదులుకోవాల్సిన వాళ్ల చేతిలోనే బలం ఉంది కాబట్టి నడిచింది, నడిచింది. 2010 డిసెంబర్ 30న శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఇచ్చింది. 2013 డిసెంబర్ 5న కేంద్ర క్యాబినెట్ బిల్లును ఆమోదించింది, 16న అది మన అసెంబ్లీకి వచ్చింది. చివరికి 2014 జూన్ 2. చూడండి, కాగితం కదిలిన ప్రతిసారీ మళ్లీ డిసెంబరే.

చిదంబరం మాట మార్చిన ఆ డిసెంబర్ 23కు ఇంకో లెక్క ఉంది. భాషా రాష్ట్రాల మీద అంబేద్కర్ రాసిన పుస్తకానికి ముందుమాట కింద ఉన్న తేదీ 1955 డిసెంబర్ 23. ఔరంగాబాద్‌లో కూర్చుని రాశారు. ఒక రాష్ట్రానికి ఒక భాష ఉండొచ్చుగానీ, ఒక భాష వాళ్లందరూ ఒకే రాష్ట్రంలో ఉండాలన్న నియమం లేదని ఆయన వాదన. ఉత్తరప్రదేశ్‌ను మూడు చేయమన్నారు, బీహార్‌ను రెండు చేయమన్నారు. పెద్ద రాష్ట్రంలో పెద్ద కులం పెత్తనం కింద చిన్న కులాలు నలిగిపోతాయని ఆయన భయం. హైదరాబాద్‌ను దేశానికి రెండో రాజధాని చేయమన్నదీ అందులోనే. నేను తెలంగాణ వైపు నిలబడటానికి ఏ నాయకుడి దీక్షకంటే ముందు కారణం ఆ చిన్న పుస్తకం. ఆ దారి మొదట చూపించిందీ మన కోనసీమ మనిషే. ఇక్కడ కందికుప్పలో పుట్టి, నిజామాబాద్ వెళ్లి అక్కడ అంబేద్కర్ యువజన సంఘం పెట్టిన బొజ్జా తారకం గారు. గోదావరి దాటి వెళ్లినా ఆయనను తెలంగాణ పల్లెలు బయటివాడు అనలేదు.

అంబేద్కర్ పోయింది మరుసటి డిసెంబర్, 1956 డిసెంబర్ 6. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ముప్పై అయిదు రోజులు. ఇవాళ ఈ జిల్లాకు ఆయన పేరుంది. ఆ పేరు కోసం, ఆ పేరు మీద, 2022 మే 24న ఈ ఊళ్లో ఏం జరిగిందో మీరు కళ్లారా చూశారు. ఇళ్లు తగలబడ్డాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకునే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ దొరికే ఊరు వెతుక్కుంటూ గోదావరి దాటి వెళ్లారు. పేరు నిలిచింది. ఈ నెల 6న విగ్రహానికి దండలు పడ్డాయి, మంచిదే. ఆ మే నెలలో ఒకరికొకరు ఎదురైన వాళ్లు మళ్లీ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారా అన్నదే నేను ఊరొచ్చినప్పుడల్లా చూసుకుంటాను. కొన్ని చోట్ల తాగుతున్నారు. కొన్ని చోట్ల ఇంకా లేదు.

చిన్న రాష్ట్రాలంటే ఉలిక్కిపడే వాళ్లకు మరో మాట. 2000 జూలై నెలాఖరు, ఆగస్టు మొదట్లో లోక్‌సభలో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ బిల్లులు గెలిచినప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది ఎవరు? మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు. మూడు రాష్ట్రాలు పుట్టిన సభను నడిపిన మనిషి ఊరికి, ఆయన కలలుగన్న కోటిపల్లి–నరసాపురం రైలు మాత్రం ఇంకా రాలేదు.

ఇక ఈ డిసెంబర్ సంగతి. ఇది చెప్పకుండా దిగితే మీరు నన్ను వదలరు.

నవంబర్ నెలాఖరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రాజోలు నియోజకవర్గం కేశనపల్లి వచ్చారు. మొవ్వు ఎండి, తల రాలిపోయి మోడులుగా నిలబడ్డ కొబ్బరిచెట్లను చూశారు. చూడటం మంచి పనే, చాలామంది అదీ చేయలేదు. మాటల్లో మాటగా కోనసీమ పచ్చదనానికి తెలంగాణ దిష్టి తగిలిందన్న అర్థం వచ్చేలా అన్నారు. డిసెంబర్ మొదటి వారమంతా దాని మీదే దుమారం. అక్కడి మంత్రులు క్షమాపణ చెప్పమన్నారు, మాట వక్రీకరించారని ఆయన పార్టీ అంది. నాకు రెండు వైపుల నుంచీ ఫోన్లు. హైదరాబాద్ మిత్రుడు ‘మీ వాళ్లు ఇలా అంటారా’ అంటాడు. ఇక్కడి తమ్ముడు ‘మీ వాళ్లకు అంత కోపమెందుకు’ అంటాడు. ఇద్దరికీ నేను ‘మీ వాళ్లే’.

ఆ వారం రోజుల్లో టీవీలో దిష్టి అన్న మాట ఎన్నిసార్లు వినిపించిందో, శంకరగుప్తం డ్రెయిన్ అన్న మాట ఎన్నిసార్లు వినిపించిందో ఎవరైనా లెక్కపెట్టారా? ఆ చెట్లను చంపింది ఉప్పునీరు. తోటల్లో మురుగు సముద్రంలోకి పోవాల్సిన డ్రెయిన్‌లో, పోటు వచ్చినప్పుడు సముద్రమే ఎదురెక్కి వస్తోంది. వచ్చిన నీరు వెనక్కి పోదు, తోటలో నిలుస్తుంది, వేరు కుళ్లుతుంది. కొబ్బరిచెట్టు ఉప్పుగాలికి తట్టుకుంటుంది, నిలవ ఉప్పునీటికి తట్టుకోదు. ఇది మా నాన్నకు తెలుసు, ఆ తోటల్లో ఎక్కిన ప్రతివాడికీ తెలుసు.

డ్రెయిన్ల మాట ఇవాళ్టిదా? 2011లో ఇదే కోనసీమ రైతులు సార్వా ఊడ్చకుండా పంట విరామం ప్రకటించారు. దేశమంతా పత్రికలు రాశాయి. మద్దతు ధర చాలదు, కాలువ నీరు ఆలస్యం, వానొస్తే చేను మునిగి నీరు దిగదు అన్నారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ ఏడాది డిసెంబర్‌లో రాజోలు వైపు వెళుతుంటే బస్సు కిటికీలోంచి కోతల్లేని చేలు చూశాను, గడ్డి మొలిచి ఉన్నాయి. సమైక్యమా, తెలంగాణా అన్న గొడవలో ఆ చేలు కొట్టుకుపోయాయి. రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు డ్రెయిన్ తవ్వలేదు. రెండయ్యాక తవ్వలేదు. జిల్లా వేరయ్యాక తవ్వలేదు. ఇందులో తెలంగాణ చేసిన పాపం ఎంత, మనం అడగకపోయిన పాపం ఎంత?

నేను పుట్టిన ఊరి మీద నాకున్న కోపం ఇదే. హైదరాబాద్ కోసం నెలలు బంద్‌లు చేయగలిగిన మనం, ఒక డ్రెయిన్ కోసం కలెక్టరేట్ ముందు ఎన్ని రోజులు కూర్చున్నాం? ఈ హాల్లో ఇరిగేషన్ శాఖ ఉద్యోగులు ఉండొచ్చు. మీ ఆఫీసులో ఆ డ్రెయిన్ ఫైలు ఎక్కడ ఆగిందో మీకే తెలుస్తుంది. తేదీలతో సహా బయటపెట్టండి. సమాచార హక్కు చట్టం ఉంది కదా, విద్యార్థులు దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబు ఈ పత్రికకు పంపండి, అచ్చు వేయించే పూచీ నాది.

ఇదిగో, సంచీలోంచి తీస్తున్నది 2009 క్యాలెండర్. నాన్న దూలం మీది నుంచి తీసిచ్చాడు. డిసెంబర్ పేజీ చూడండి, వెనక వాళ్లకు కనిపించదు, తర్వాత దగ్గరికి రండి. 9వ తేదీ గడిలో తెలంగాణ లేదు. ‘32 చెట్లు – బాకీ’ అని ఉంది. 23వ తేదీ గడిలో ‘అబ్బాయి వచ్చాడు’ అని ఉంది. ఆ బాకీ వసూలైందా అని అడిగాను. లేదన్నాడు.

మావయ్య రెండేళ్ల కిందట పోయాడు. చివర్లో మాట్లాడేవాడుగానీ 1972 గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సమ్మె నాటి కరపత్రాలు, సస్పెన్షన్ కాగితం, అన్నీ ఒక ట్రంకు పెట్టెలో ఉండేవట. ఇల్లు మార్చినప్పుడు పోయాయి. ఆ సమ్మెలో ఉన్న ఉద్యోగులు ఈ ఊళ్లో ఇంకా కొందరున్నారు, అందరికీ డెబ్బై అయిదు దాటి ఉంటాయి. మీ ఇళ్లలో తాతయ్యలో పెదనాన్నలో ఉంటే ఈ సెలవుల్లో వాళ్ల దగ్గర కూర్చోండి, ఫోన్‌లో రికార్డు చేయండి. కరపత్రమైనా, ఫొటో అయినా, క్యాలెండర్ అయినా ఉంటే నాకు చూపించండి, ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాను. నా బస్సు రాత్రి తొమ్మిదింటికి. అప్పటిదాకా ఇక్కడే ఈ బల్ల దగ్గరే ఉంటాను.